పాత ఎస్‌యూవీలో కూలెంట్ ఎక్కడికి పోతోంది? లీకు పట్టుకుని సరిచేసే పద్ధతి

పోయిన వారం మ్యాక్స్ గీత దాకా పోసిన కూలెంట్ ఇవాళ పొద్దున చూస్తే మిన్ గీతకు దిగింది. బండి కింద తడి లేదు. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. ఇలాంటప్పుడు మనలో చాలామంది ఓ లీటరు నీళ్లు పోసి, ఊరెళ్లొచ్చాక చూద్దాంలే అనుకుంటారు. దయచేసి అలా వదిలేయకండి. ఇంజిన్‌ను చల్లబరిచే ఈ కూలింగ్ సిస్టమ్ మూసి ఉన్న గిన్నె లాంటిది. నెలల తరబడి నడిచినా కొంచెమే తగ్గాలి. వారానికి అర లీటరు తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

నేను చెప్పేది పది పదిహేనేళ్లు, అంతకు మించి తిరిగిన డీజిల్ బండ్ల గురించి. బొలెరో, స్కార్పియో, సఫారీ, క్వాలిస్, పాత ఇన్నోవా ఈ కోవలోకే వస్తాయి. ఏ పార్టు ఎక్కడుందనేది బండిని బట్టి మారుతుంది గానీ వెతికే పద్ధతి మాత్రం ఒకటే. ఇన్నేళ్లలో నాకు అర్థమైనదేంటంటే, ఇందులో రిపేరు పెద్ద కష్టం కాదు, లీకు పట్టుకోవడమే కష్టం. పట్టుకోకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బూ పోతుంది, లీకూ ఉంటుంది.

మా బండికి అదే జరిగింది. ముందు బంపర్ వెనక, ఎడమ పక్కన రోజూ నాలుగు చుక్కలు పడేవి. ఒక షెడ్డులో చూపిస్తే రేడియేటర్ పోయిందన్నారు, మార్పించాం. పది రోజులకు అదే చోట మళ్లీ చుక్కలు. ఒక ఆదివారం టార్చిలైటు పట్టుకుని నేనే కూర్చున్నాను. రేడియేటర్ పొడిగా ఉంది. ఛాసిస్ పట్టీ మీద వేలు పెట్టి వెనక్కి రాసుకుంటూ పోతే, జిగురుగా తగులుతున్న తడి అలా అలా ఇంజిన్ వెనక ఇనుప గోడ దాకా తీసుకెళ్లింది. అక్కడ హీటర్ పైపు క్లిప్పు పక్కన రబ్బరు వెంట్రుకంత పగిలి ఉంది. మా గేటు ముందు ర్యాంపు వీధి వైపుకి వాలుగా ఉంటుంది, బండిని ముక్కు కిందికి పెట్టి నిలుపుతాం. వెనక కారిన చుక్క పట్టీ మీద పాకి ముందుకొచ్చి పడుతోంది. చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు అని ఆ రోజు నేర్చుకున్నాను.

మూత మీద చెయ్యి వేసే ముందు

వేడిగా ఉన్న రేడియేటర్ మూత తియ్యకూడదు. లోపల ప్రెషర్ ఉన్నంతసేపు 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు. మూత తీసి ప్రెషర్ వదిలెయ్యగానే అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం గంటన్నర ఆగండి. పై హోస్ పైపును చేత్తో నొక్కి చూడండి, మెత్తగా, గోరువెచ్చగా ఉంటేనే ముందుకు వెళ్లండి. అప్పుడైనా మందపాటి గుడ్డ వేసి, మూతను సగం తిప్పి ఆగి, బుస్సుమనే శబ్దం పూర్తిగా తగ్గాకే మిగతా సగం తిప్పండి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు. చేతులు, చున్నీ, పంచె దానికి దూరంగా ఉంచండి. బండి కిందికి దూరాలంటే జాకీని మాత్రమే నమ్మకండి. స్టాండ్లు పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, గేరులో ఉంచండి.

ఇంకో సంగతి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలూ పిల్లులూ ఇష్టంగా నాకేస్తాయి, కొంచెమే తాగినా కిడ్నీలు దెబ్బతిని చచ్చిపోతాయి. చంటి పిల్లలకూ అంతే ప్రమాదం. అందుకే దింపిన కూలెంట్‌ను బేసిన్‌లో పట్టి, మూతున్న క్యాన్‌లో పోసి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకు ఇవ్వండి. వీధి కాలువలోకి వదలకండి. నేల మీద పడిన చుక్కల మీద వెంటనే నీళ్లు పోసి బాగా కడిగేయండి. రుచి చూసి కూలెంటో కాదో చెప్పేవాళ్లు కొందరున్నారు, ఆ పని మీరు చేయొద్దు.

వారం రోజులు గమనించండి

మార్కర్ పెన్నుతో కూలెంట్ బాటిల్ మీద ఇవాళ్టి మట్టం గీసి, తేదీ, కిలోమీటర్లు రాసుకోండి. రోజూ పొద్దున, బండి స్టార్ట్ చేయకముందే చూడండి. వేడికి కూలెంట్ వ్యాకోచిస్తుంది కాబట్టి సాయంత్రం చూసిన మట్టానికి విలువ లేదు.

రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టెను విప్పి పరచండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గుర్తు పెట్టుకుంటే, చుక్క ఏ భాగం కింద పడిందో పొద్దున తెలుస్తుంది. ఏసీ నీళ్లను చూసి మాత్రం టెన్షన్ పడకండి. ఎండాకాలంలో ఏసీ వేసిన ప్రతి బండీ ముందు ప్యాసింజర్ పక్కన నీళ్లు కారుస్తుంది. వాటికి రంగు, వాసన, జిగురు ఉండవు. కూలెంట్‌ను రెండు వేళ్ల మధ్య రాస్తే సబ్బు నీళ్లలా జారుతుంది, కొంచెం తియ్యటి వాసన వస్తుంది, ఆకుపచ్చో గులాబీయో నారింజో రంగు ఉంటుంది. మీ బండిలో ఇప్పటికే బోరు నీళ్లు పోసి ఉంటే రంగు కనబడదు. అప్పుడు తడి ఆరాక తెల్లటి ఉప్పు మరక మిగులుతుందేమో చూడండి.

బాటిల్ నిండుగా ఉండి, రేడియేటర్ మూత తీస్తే లోపల తక్కువగా ఉందా? అలాగైతే లీకు కంటే ముందు మూతనూ, రేడియేటర్ మెడ నుంచి బాటిల్‌కు వెళ్లే సన్నటి పైపునూ అనుమానించండి. వేడెక్కినప్పుడు కూలెంట్ బాటిల్‌లోకి వెళ్తుంది, చల్లారాక తిరిగి రేడియేటర్‌లోకి రావాలి. ఆ పైపుకు పగులుంటే కూలెంట్‌కు బదులు గాలి పీల్చుకుంటుంది. చల్లారాక పై హోస్ పైపు పీల్చేసినట్టు చప్పిడిగా అయిపోతోందంటే మూతలోని చిన్న వాల్వ్ ఇరుక్కుపోయిందని అర్థం.

మూతతో మొదలుపెట్టి వరుసగా

అన్నిటికంటే చవకైన పార్టు మూతే, అందరూ మరిచిపోయేదీ అదే. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది లోపల నిలిపే ప్రెషర్, బార్‌లలో. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన మిశ్రమం బయట 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మంచి మూత బిగిస్తే దాదాపు 128 దాకా మరగకుండా నిలబడుతుంది. మూత రబ్బరు ఎండి పగిలిందంటే ఆ ఇరవై డిగ్రీల ధీమా పోయినట్టే, మే నెల ఎండలో ఘాట్ ఎక్కేటప్పుడు బాటిల్ పొంగి కారుతుంది. రబ్బరు గట్టిపడితే అదే అంకె ఉన్న కొత్త మూత కొనండి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే మంచిదనుకోవద్దు. ఆ భారం పాత హోస్ పైపుల మీద పడుతుంది.

తర్వాత రేడియేటర్. చాలా బండ్లలో మధ్యలో అల్యూమినియం కోర్, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి. రెండూ కలిసే అంచు వెంట టార్చితో నెమ్మదిగా చూసుకుంటూ రండి. ఆకుపచ్చగానో తెల్లగానో పొరలు కట్టి ఉంటే అక్కడే ఊరుతోందన్నమాట. పైపు బిగించే మూతి దగ్గర ప్లాస్టిక్‌కు సన్నటి గీతలు పడ్డాయేమో కూడా చూడండి.

హోస్ పైపులన్నీ బండి చల్లగా ఉన్నప్పుడు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. మంచి పైపు నొక్కితే దిగి, వదిలితే తిరిగి లేస్తుంది. అప్పడంలా పెళపెళమంటున్నా, మరీ మెత్తబడి ఉబ్బినా దాని పని అయిపోయినట్టే. క్లిప్పుల దగ్గర పైపును కొంచెం వంచి, మడతలో పగుళ్లున్నాయేమో చూడండి. పైనా కిందా ఉన్న పెద్ద పైపులు అందరూ చూస్తారు. హీటర్ పైపుల్ని ఎవరూ చూడరు. మన వైపు హీటర్ వేసేది ఎప్పుడు? చలికాలం లంబసింగి వెళ్తేనో, తెల్లవారుజామున ఆదిలాబాద్ దాటితేనో తప్ప దాని మీట ముట్టం. కానీ చాలా బండ్లలో హీటర్ వేసినా వేయకపోయినా ఆ పైపుల్లో వేడి కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది, మిగతావాటితో పాటే ముసలివవుతాయి. ఇంజిన్ వెనక చీకట్లో ఉంటాయి కాబట్టి అద్దం ముక్క పట్టుకుని చూడండి.

వాటర్ పంపు బాడీకి అడుగున పెన్సిల్ మొన పట్టేంత కన్నం ఉంటుంది. పంపు లోపలి సీల్ అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి రావాలని పెట్టిన కన్నం అది. దాని కింద మరక చార కట్టి ఉంటే పంపు మార్చే రోజు దగ్గరపడింది. ఆ కన్నాన్ని ఎంసీల్‌తో మూసేసిన బండ్లు నేను చూశాను. అది చాలా తప్పు. కారడం ఆగినట్టు కనిపిస్తుంది గానీ, లోపల బేరింగు తుప్పు పట్టి ఒకనాడు షాఫ్ట్‌తో సహా ఊడుతుంది, ఫ్యాన్ రేడియేటర్‌కు తగిలి కోసేస్తుంది. పంపు షాఫ్ట్ మీదే ఫ్యాన్ బిగించిన బండ్లలో, ఇంజిన్ ఆపి ఫ్యాన్ రెక్కను ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. కొంచెం ఆడినా పంపు మార్చాల్సిందే.

ఇక మిగిలింది థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) ఉండే గిన్నె అంచు, టెంపరేచర్ సెన్సర్ చుట్టూ, ఇంజిన్ బ్లాకుకు పక్కన కొట్టి బిగించిన గుండ్రటి ఇనుప బిళ్లలు. కూలెంట్‌కు బదులు ఏళ్ల తరబడి ఉత్త నీళ్లతో తిరిగిన బండ్లలో ఈ బిళ్లలు లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లులు పడతాయి.

కంటికి దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్

సైకిల్ పంపు లాంటి పరికరానికి మీటరు బిగించి ఉంటుంది. దాన్ని మూత స్థానంలో పెట్టి, మూత మీద రాసి ఉన్న అంకె దాకా మాత్రమే గాలి కొట్టాలి. తర్వాత పదిహేను నిమిషాలు ముల్లును చూడాలి. ముల్లు పడిపోతుంటే లీకు ఉన్నట్టు. ఇంజిన్ ఆగే ఉంటుంది, ఫ్యాన్ తిరగదు, వేడి ఉండదు కాబట్టి చెవి పెట్టి వింటూ, వేలితో తడుముతూ తీరిగ్గా వెతకొచ్చు. మీ మెకానిక్ దగ్గర లేకపోతే రేడియేటర్ పని చేసే షాపుల్లో అడగండి. విజయవాడ, హైదరాబాద్ ఆటోనగర్లలో ఈ పనే చేసేవాళ్లు వరుసగా ఉంటారు.

నా మాట విని ఈ టెస్ట్ రెండుసార్లు చేయించండి, పొద్దున పూర్తిగా చల్లగా ఉన్నప్పుడోసారి, కాస్త వెచ్చగా ఉన్నప్పుడోసారి. గట్టిపడిన రబ్బరు చల్లదనానికి ముడుచుకున్నప్పుడే కొన్ని క్లిప్పులు కారతాయి. ప్లాస్టిక్ ట్యాంకు పగుళ్లు కొన్ని వేడికి తెరుచుకుంటే తప్ప కారవు. ఒక్కసారే చూసి లీకు లేదంటే నమ్మలేం.

ముల్లు పడుతోంది, బయట చుక్క లేదు

అంటే లోపలికి పోతోంది. ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి కింద తడిమి చూడండి. జిగురుగా తడి ఉన్నా, ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొగ పడుతున్నా, బండిలో తియ్యటి వాసన వస్తున్నా డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ (హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు. మార్చాలంటే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు అంతా విప్పాలి. వెంటనే కుదరకపోతే, ఇంజిన్ వైపు నుంచి హీటర్‌కు వెళ్లే, వచ్చే పైపుల్ని ఒకదానికొకటి కలిపేసి కొన్నాళ్లు నడపొచ్చు. హీటర్ ఉండదు, వానాకాలంలో అద్దం పొగ ఏసీతోనే పోగొట్టుకోవాలి. మన వాతావరణంలో అది భరించగలిగేదే.

ఇంజిన్ బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీల్‌లా ఉండే హెడ్ ప్యాకింగ్ సంగతి ఇంత తేలిక కాదు. పొద్దున చల్లటి బండికి మూత తీసి, కూలెంట్ అంచు దాకా ఉంచి స్టార్ట్ చేయించండి, మీరు పక్కకు నిలబడి చూడండి. మొదట నాలుగు బుడగలు రావడం మామూలే. ఆగకుండా ఒకే తీరుగా వస్తూనే ఉంటే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందన్నమాట. మూత పెట్టి స్టార్ట్ చేస్తే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే ఒకటి రెండు నిమిషాల్లో పై పైపు రాయిలా గట్టిపడటం కూడా అదే చెబుతుంది. ఆయిల్ గేజీ కడ్డీ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే ఇక బండి స్టార్ట్ చేయకండి, తోయించుకునైనా షెడ్డుకు తీసుకెళ్లండి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల్ని నిలవనివ్వదు. ఆయిల్ పోసే మూత కింద మాత్రం కొంచెం మీగడలా ఉండి, కడ్డీ మీద శుభ్రంగా ఉంటే కంగారు పడక్కర్లేదు. దగ్గరి దూరాలే తిరిగే బండ్లకు చలికాలంలో అలా అవుతుంది.

కామన్ రైల్ (డీజిల్‌ను బాగా ఎక్కువ ప్రెషర్‌తో ఇంజిన్‌లోకి కొట్టే పద్ధతి) డీజిల్ బండ్లలో ఇంకో దొంగ ఉంది, ఈజీఆర్ కూలర్. పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ముందు కూలెంట్‌తో చల్లబరిచే పార్టు అది. లోపల చిల్లు పడితే కూలెంట్ నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి తెల్లటి పొగై పోతుంది. హెడ్ విప్పడానికి ఒప్పుకునే ముందు ఈజీఆర్ కూలర్‌ను విప్పి, గాలి పట్టించి, నీళ్లలో ముంచి చూడమని తప్పకుండా అడగండి. హెడ్ విప్పక తప్పకపోతే లేత్‌లో హెడ్ వంపు చూపించి, అవసరమైతే ఫేసింగ్ (అడుగు చదును) చేయించి, పగుళ్లకు టెస్ట్ చేయించాకే బిగించాలి. పాత హెడ్ బోల్టులు తిరిగి వాడొచ్చో లేదో మీ బండి మాన్యువల్ చెబుతుంది. కొన్ని ఇంజిన్లలో అవి ఒక్కసారి బిగించడానికే పనికొస్తాయి.

సరిచేయడం

హోస్ పైపు మార్చడం ఇంట్లోనే చేసుకోవచ్చు. కూలెంట్ దింపాక క్లిప్పు వదులు చేయండి. పైపు అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, ప్లాస్టిక్ మూతి పుటుక్కున విరుగుతుంది. ఎలాగూ పారేసే పైపే కదా, బ్లేడుతో పొడవునా కోసి ఒలిచేయండి. బ్లేడు మూతికి దిగకుండా చూసుకోండి. మూతిని గుడ్డతో శుభ్రంగా తుడిచి, కొత్త పైపు లోపల కూలెంట్‌తో తడి చేసి ఎక్కించండి. గ్రీజు రాయొద్దు. మూతికి చివర చిన్న గట్టు ఉంటుంది. క్లిప్పు ఆ గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి, గట్టు మీద కాదు. రబ్బరు క్లిప్పు కన్నాల్లోంచి ఉబ్బేంత బిగిస్తే క్లిప్పే రబ్బరును కోస్తుంది. ఒకరోజు తిరిగి చల్లారాక మళ్లీ ఒకసారి చూసి, అవసరమైతే పావు చుట్టు బిగించండి. ఒక పైపు పోయిందంటే మిగతావాటి వయసూ అదే, అన్నీ కలిపి మార్చుకోవడం నయం.

రేడియేటర్ పాతకాలపు రాగి, ఇత్తడిదైతే టంకం పెట్టి బాగుచేసే పనివాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పని నిలుస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఎంసీల్, అరల్డైట్ ఊరు చేరడానికే, ఆ తర్వాత మార్చాల్సిందే. లీకు ఆపే పొడి, లీకు ఆపే ద్రవం అని అమ్ముతారు. నేను వద్దంటాను. చిల్లును మూసే పదార్థమే హీటర్ కోర్‌నూ, రేడియేటర్ సన్న గొట్టాలనూ మూసేస్తుంది.

వాటర్ పంపు మారుస్తుంటే బెల్టు కూడా మార్చండి. అల్యూమినియం అంచు మీది పాత ప్యాకింగ్‌ను చెక్కముక్కతో గీకండి, ఇనుప బ్లేడు గీత పెడితే అక్కడే మళ్లీ కారుతుంది. ప్యాకింగ్ పేస్టు పల్చగా చాలు. లోపలికి పొంగిన పేస్టు ఊడి వెళ్లి ఎక్కడో అడ్డం పడుతుంది.

ఇదే సమయంలో మెకానిక్, మన ఎండలకు థర్మోస్టాట్ వాల్వ్ ఎందుకండీ, పీకేద్దాం అంటారు. ఒప్పుకోకండి. వాల్వ్ లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా పక్కదారిన తిరిగి ఇంకా హీట్ ఎక్కుతుంది. పాత వాల్వ్ మీద నమ్మకం లేకపోతే, వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి వాల్వ్ వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద 82 అని ఉంటే ఆ దగ్గర్లో తెరుచుకోవడం మొదలవ్వాలి.

నింపడం, గాలి తీయడం

బోరు నీళ్లు పోయకండి. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా గార కడుతుంది, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే కడుతుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొని, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్‌తో సగం సగం కలపండి. డబ్బా మీద ముందే కలిపినది అని ఉంటే నీళ్లు కలపక్కర్లేదు. రంగు ఒకటే అయితే రకం ఒకటే అనుకోకండి, రంగుకు ప్రామాణికం ఏమీ లేదు. లోపల ఏముందో తెలియకపోతే పూర్తిగా దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కొత్తది పోయండి.

బండి ముక్కు కాస్త పైకి ఉండేలా నిలిపి, హీటర్ మీట పూర్తిగా వేడి వైపు పెట్టండి. గాలి వదిలే స్క్రూ ఉంటే వదులు చేసి, సన్నటి ధారగా పోయండి. మధ్యలో పై పైపును పిసుకుతూ ఉంటే బుడగలు పైకొస్తాయి. స్క్రూ దగ్గర బుడగలు లేకుండా కూలెంట్ వస్తే బిగించండి. మూత తెరిచే ఉంచి స్టార్ట్ చేసి, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ, వేడెక్కకముందే మూత పెట్టండి. తర్వాత థర్మోస్టాట్ తెరుచుకుని కింది పైపు కూడా వేడెక్కే దాకా నడవనిచ్చి, హీటర్ గాలి వేడిగా వస్తోందో లేదో చూడండి. చల్లగా వస్తుంటే లోపల ఇంకా గాలి ఉంది. రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున తగ్గినంత పోయండి. ఆ మట్టం దగ్గర మార్కర్‌తో కొత్త గీత గీసి మళ్లీ వారం చూడండి.

దారిలో పొగలొస్తే

ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేడి మీద పెట్టి బ్లోయర్ ఫుల్ చేయండి. కొంత వేడి లోపలికి లాగేస్తుంది. వీలైనంత త్వరగా పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయిందని సంతోషించకండి. కూలెంట్ పూర్తిగా పోయి సెన్సర్ గాలిలో ఉంటే ముల్లు తప్పు చూపిస్తుంది. వేడి ఇంజిన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించినా, లోపల పోసినా హెడ్ పగలొచ్చు. గంటన్నరకు తక్కువ కాకుండా ఆగి, చల్లారాకే మూత తీసి, ఇంజిన్ నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోయండి. ఆ పూటకు తాగే నీళ్లైనా ఫర్వాలేదు. పైపు పగిలితే తడి తుడిచి, సిలికాన్ టేపును సాగదీస్తూ నాలుగైదు చుట్లు చుడితే దగ్గర ఊరు చేరొచ్చు. రెండు క్లిప్పులు, ఒక టేపు చుట్ట, స్క్రూడ్రైవర్, టార్చి, ఐదు లీటర్ల నీళ్లు నా బండి వెనక సీటు కింద ఎప్పుడూ ఉంటాయి. శ్రీశైలం ఘాట్‌లో ఒకసారి ఆ టేపు మాకే కాదు, పక్కన బానెట్ ఎత్తి నిలబడ్డ ఇంకో కుటుంబానికీ పనికొచ్చింది.